రూతమ్మత్త ఇనుప కీలు, మామ కుర్చీ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఏ పుస్తకంలో ఉందో చూపించమనే రకం నేను. ఏడో తరగతితోనే బడి మానేసినా, లైబ్రరీలో వైద్యం బీరువా మొత్తం చదివినవాణ్ణి. అందుకే చూసింది చూసినట్టు చెబుతాను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనత్త రూతమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. అంతకు ముందు ఏడాది ఆమె జారిపడితే తుంటి విరిగింది. డాక్టర్లు తుంటి కీలులో లోహపు గుండు పెట్టారు. దాని కడ్డీ తొడ ఎముక లోపలికి దిగి ఉంటుంది. మోకాళ్లూనొద్దని, కింద కూర్చోవద్దని గట్టిగా చెప్పి పంపారు.

అత్తకు అదే పెద్ద శిక్ష. మోకాళ్లూనని ప్రార్థన ఆమె దృష్టిలో ప్రార్థనే కాదు. యేసుదాసు మామ బతికినన్నాళ్లూ ఇంట్లో ఇదే గొడవ. ఎవరు ప్రార్థన చేసినా ఆయన తన టేకు కుర్చీలోంచి లేచేవాడు కాదు. "దేవుడు మనసు జూస్తడు గని మోకాళ్లు లెక్కవెడ్తడానే?" అనేవాడు. ఆయన పోయాక అత్త ఆ కుర్చీని వెనక గదిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుకే ఉండేది.

ఒకనాడు తొడలో నొప్పి అంది. నేను విషయం వివరించాను. పార పిడి ఎప్పుడూ ఇనుము ముగిసిన దగ్గరే విరుగుతుంది, కడ్డీ కొస దగ్గర నీ ఎముక పరిస్థితీ అంతే అన్నాను.

"నీ నోట్ల మన్నువడ! ఒక్క మంచి మాట లేదార అల్లుడా నీ పుస్తకాలల్ల?" అంది. దవాఖానకు రమ్మంటే, బస్సులు నడిచినంక చూద్దామంది.

బస్సులు లేక చర్చికి పోలేని ఒక ఆదివారం ప్రార్థన మా ఇంట్లోనే పెట్టారు. అందరం మోకాళ్లూని కళ్లు మూసుకున్నాం. అత్తను మాత్రం గోడకానుకుని నిలబడమన్నాం. అందరి కళ్లూ మూసి ఉన్నాయి కదా, ఎవరు చూస్తారనుకుని ఆమె మెల్లగా మోకాళ్ల మీదికి వంగిందట.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పాస్టరుగారు ఆమెన్ అనకుండానే కళ్లు తెరిచారు.

అత్త నేల మీద లేదు. మామ కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంది.

నేను వెనక గదికి పరుగెత్తాను. తాళం వేసినట్టే ఉంది. వెనక్కి వచ్చి అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి తీసుకున్నాను. తలుపు తెరిస్తే, లోపల కుర్చీ లేదు, దుమ్ములో దాని కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఈడ్చిన గీత ఒక్కటీ లేదు.

ఆ కుర్చీతోనే ఆమెను దవాఖానకు మోసుకుపోయాం. దారిలో ఉద్యమం కుర్రాళ్లు ఆపారు. "ఏందన్నా, గీ పెద్దమ్మను ఊరేగిస్తున్నరా?" అన్నారు. నేను కడ్డీ, కొస, పార పిడి అని మొదలుపెట్టాను.

అత్త పళ్లు బిగపట్టింది. "వీడు చెప్పుడు అయ్యేసరికి నా పాణం పోతది. జై తెలంగాణ! జర తొవ్వ ఇయ్యుండ్రి బిడ్డా!"

వాళ్లూ జై కొట్టి, దవాఖాన దాకా కుర్చీకి భుజం పట్టారు.

ఎముక సరిగ్గా కడ్డీ కొస దగ్గరే పగిలింది. కానీ పక్కకు జరగలేదు. నేల మీద పడి ఉంటే ఎముక చీలిపోయేదని, ఇక నడిచేది కాదని డాక్టరు అన్నాడు. కాలికి బరువులు కట్టి మంచం మీదే పడుకోబెట్టారు. చివరికి ఎముక అతికింది.

మా పాస్టరుగారిది గుంటూరు వైపు. ఆయన అత్తను చూడటానికి దవాఖానకు వచ్చారు. "దేవదూతే వచ్చి మిమ్మల్ని కూర్చోబెట్టాడమ్మా," అన్నారు.

"దూత గాదయ్యగారూ, మా ఆయనే. నేనెంత మొత్తుకున్నా ప్రార్థనల కుర్చీ దిగలే. గీ ఒక్క పనికే దిగిండు," అంది అత్త.

ఇప్పుడు నేను ఎల్బీనగర్‌లో ఉంటున్నాను. ఆ కుర్చీ నా దగ్గరే ఉంది. ఎన్ని బీరువాలు తిరగేసినా దానికి జవాబు దొరకలేదు. అత్త మాత్రం ఆ తర్వాత తన ప్రార్థనలన్నీ ఆ కుర్చీలోనే చేసింది. అదీ ఒక అంచున ఒదిగి కూర్చుని. నిండుగా కూర్చోవచ్చు కదా అంటే కసురుకునేది.

"మరి ఆయన యాడ కూసోవాలె?"