సింహాచలం మాస్టారి దీపాల టోపీ

లోపల చిన్న చిన్న ఎర్ర దీపాలు పొదిగిన చికిత్స టోపీ తలకు పెట్టి స్విచ్ వేసిన రెండు మూడు నిమిషాలకు, జుట్టులోని కొబ్బరినూనె సన్నగా వేడెక్కి ఆ వాసన గదంతా పరుచుకుంటుంది. మా క్లినిక్‌లో ఇది రోజూ ఉండేదే. నిన్న ఒక పెద్దాయనకు టోపీ సర్ది పక్కన కూర్చున్న కాసేపటికి ఆ వాసన తగిలి నాకు నవ్వొచ్చింది. ఆయన అనుమానంగా తలమీది టోపీ తడుముకున్నారు. మిమ్మల్ని చూసి కాదండీ, ఇదే కుర్చీలో కూర్చున్న ఇంకొకాయన గుర్తొచ్చారు అని సర్దిచెప్పాను. ఆ ఇంకొకాయన తలమీద జుట్టు గుప్పెడే గానీ, నూనె మాత్రం నాలుగు తలలకు సరిపడా పట్టించుకొచ్చేవారు. పేరు సింహాచలం. నాకు బాక్సింగ్ నేర్పిన గురువు.

మాస్టారు స్టీల్ ప్లాంట్‌లో ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేసేవారు. ఆ ఉద్యోగం కూడా బాక్సింగ్ పెట్టిన భిక్షే. పదిహేనేళ్లు ప్లాంట్ జట్టు తరఫున ఆడారు. ముక్కు ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ విరిగి, చివరికి తిన్నగానే నిలబడిందని తనమీద తనే జోకు వేసుకునేవారు. ఆట మానేశాక, డ్యూటీ లేని సాయంత్రాలు గాజువాకలో బస్సెక్కి మా జాలరిపేట వచ్చి, వలలు దాచుకునే పాత షెడ్డులో ఆడపిల్లలకు నేర్పేవారు. నేను ఆయన కంటపడింది మాత్రం షెడ్డులో కాదు, మా అమ్మ చేపల గంప దగ్గర. నాకప్పుడు పన్నెండేళ్లు. తూకం దగ్గర ఒకతను అమ్మమీద నోరు పారేసుకుంటే, ఊరుకోలేక అతని డొక్కలో ఒక్కటి గుద్దాను. వంజరం కొనడానికి వచ్చి నిలబడ్డ మాస్టారు గంభీరంగా నా కాళ్ల వైపు చూశారు.

"దెబ్బ బాగుంది గానీ గుంటా, కాళ్లేటలా పాతీసినావు? ఆడు తిరిగి కొడితే ఎటెల్తావు?"

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి అమ్మను అడిగారు. అమ్మ ఒప్పుకోలేదు. "దీని ముక్కు పగిలితే నానేటి సెయ్యాల మాస్టారూ?" అంది.

"ముక్కు పగలకుండా ఎలా తప్పుకోవాలో, అదే నేర్పుతానమ్మా. కొట్టడం దీనికి ఎలాగూ వచ్చు."

అన్నమాట నిలబెట్టుకున్నారు. మొదటి రెండు నెలలు నాచేత ఒక్క గుద్దు కూడా గుద్దించలేదు. తాడు మీంచి గెంతడం, వంగడం, పక్కకి జరగడం, అంతే. ఎదుటివాడి చేతులు కాదు, భుజాలు చూడమనేవారు. విసిగిపోయి, గుద్దడానికి వేలాడదీసిన బస్తాను కాలితో తంతే, "తన్నడానికి ఇది ఫుట్‌బాలు కాదే" అని ఆయనే ముందు నవ్వేసేవారు. ఆ నవ్వు కోసమే మేం ఎనిమిది మంది అమ్మాయిలం ఎండనకా వాననకా వెళ్లేవాళ్లం.

పదిహేడో ఏట రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ గెలిచాను. గెలిచాను గానీ, చివరి రౌండులో ఎడమ చెవి పైన గట్టి దెబ్బ తగిలింది. చెవిలో సన్నగా ఈల వేసినట్టు మోగుతూనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం అందరం కూర్చుని నవ్వుకుంటుంటే మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "పొద్దున్న ఏటి తిన్నావు?" అని అడిగారు. ఇడ్లీ అన్నాను. "ఇడ్లీ కాదు, ఉప్మా. నా పక్కనే కూకుని రెండుసార్లు ఏయించుకున్నావు" అన్నారు. మర్నాడు ఉదయం ఆయన వెళ్లి ఫైనల్ జాబితాలోంచి నా పేరు కొట్టించేశారు.

నేను అందరి ముందూ అరిచాను. "మీకెప్పుడూ బంగారం రాలేదు. నాకొస్తాదని మీకు కుళ్లు!" ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. ఆయనకు కోపం రాలేదు. నా గ్లవ్స్ సంచిలో సర్దుతూ, "తిట్టు. రేపు కూడా గుర్తుంటే మళ్లీ తిట్టు" అన్నారు. నాకు మర్నాడు గుర్తుంది, ఆ మర్నాడూ గుర్తుంది. ఆ కోపంతోనే బాక్సింగ్ మానేశాను. తరువాత ఫిజియోథెరపీ చదివాను, ఉద్యోగంలో చేరాను. ఏడేళ్లపాటు ఆ షెడ్డు ఉన్న వీధిలోకి కూడా వెళ్లలేదు.

ఏడేళ్ల తరువాత ఆయనే నా ముందుకొచ్చారు. మా క్లినిక్‌లో నరాల డాక్టరమ్మ గది బయట బల్లమీద, భార్య నర్సమ్మ పిన్ని పక్కన, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. "రత్నమా? ఇంకా తిట్టడానికే ఒచ్చినావేటి?" అన్నారు. నేను వెళ్లి పిన్ని పక్కన కూర్చున్నాను.

"గాజువాక బజారుకని బయల్దేరి భీమిలి ఎల్లిపోనారమ్మా" అంది పిన్ని. "సీకటి పడ్డాక ఎవులో ఫోన్ సేసి సెప్పినారు."

"ఎల్తే ఎల్లినాను. అక్కడ సముద్రం బాగుంది" అన్నారు మాస్టారు.

"ఇలాగే నవ్వుతారు. మొన్న కూర బాలేదని కంచం ఇసిరీసినారు. ఇసిరీసి ఆయనే కూకుని ఏడిసినారు. రాత్రుళ్లు నిద్ర లేదు." పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు గోడవైపు చూశారు. ఆయన నవ్వు ఆగిపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బల ఫలితమే ఇదై ఉండవచ్చని చెప్పారు. వెనక్కి తిప్పే మందు లేదన్నారు. నిద్రకీ రక్తపోటుకీ మాత్రలు రాసి, రోజూ నడవమన్నారు. దీపాల టోపీతో చేసే కాంతి చికిత్స సంగతి ఆ తరువాత ఎత్తారు. ఎర్రటి కాంతి, దానికి అవతల కంటికి కనిపించని కాంతి, పుర్రె దాటి కొద్దిగా లోపలికి చేరి, దెబ్బతిన్న కణాలకు ఊపిరిపోయవచ్చని ఒక ఆశ. "పనిచేస్తుందని మాట ఇవ్వలేనండీ. ఇంకా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. మీకిష్టమైతే ప్రయత్నిద్దాం" అన్నారు. మాస్టారు వెంటనే సరేనన్నారు. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున. దగ్గరుండి చూసే పని నాది.

మొదటి రోజు టోపీ పెట్టగానే అద్దం అడిగారు. "ఫర్నేసు కాడ ఇరవయ్యేళ్లు ఎర్రటి ఎలుగులోనే నిలబడ్డాను. అంత ఎలుగు నా బుర్రకి ఏటీ సెయ్యలేదు, ఈ దీపాలేటి సేస్తాయే?" అని పెద్దగా నవ్వారు. పక్క గదిలోంచి నర్సు తొంగిచూసింది. నిద్ర, కోపం, మతిమరుపు ఎలా ఉన్నాయో రోజూ రాయమని డాక్టరమ్మ పిన్నికి ఒక నోటుబుక్కు ఇచ్చారు. పిన్ని ఐదో తరగతి దాకా చదువుకుంది. ఉన్నది ఉన్నట్టు రాసేది. ఒకరోజు ఇలా రాసింది: "ఈరోజు పప్పులో ఉప్పు లేదని అరవలేదు. ఉప్పు నిజంగానే లేదు." డాక్టరమ్మ ఆ పేజీని నాకు చూపించి, కళ్లజోడు తీసి మరీ నవ్వారు. రెండు నెలలు గడిచేసరికి నిద్ర అయిదారు గంటలకు వచ్చింది. కంచాలు క్షేమంగా ఉన్నాయి. దారి మాత్రం అప్పుడప్పుడూ తప్పుతూనే ఉండేవారు.

అప్పుడే క్లినిక్ ప్రచారం చూసే అతను వీడియో తీద్దామని వచ్చాడు. "దీపాలతో నా జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది అనండి, చాలు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట వినాలని ఉంది. నా ఫోన్ కూడా తీసి పట్టుకున్నాను. టోపీతోనే మాస్టారు కెమెరా వైపు తిరిగారు.

"నిద్ర పడతంది. కోపం తగ్గింది. దీపాల వల్లో, మాత్రల వల్లో, మా ఆవిడ రోజూ నడిపిస్తంది దానివల్లో నాకు తెల్దు. ఇంకోటి సెప్తాను. నాకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు పెద్ద పోటీలో ఫైనల్ గెలిసినాను. బంగారు పతకం ఇంట్లో పెట్టెలో ఉంది. ఆ రోజు పొద్దున్న లేసిన కాడ్నుంచి మర్నాటి దాకా నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. గెలిసినానని మా ఆవిడ సెప్తే తెలిసింది. ఏళ్ల తరవాత ఈ గుంట పొద్దున్న తిన్న ఉప్మా మర్సిపోతే, అదే సూసినాను. దీనికి పతకం రాకపోయినా పర్లేదు, గుర్తుండని పతకం మాత్రం ఒద్దనుకున్నాను."

ప్రచారం అతను కెమెరా ఆపేశాడు. నా ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయనకు బంగారం రాలేదని అంతమంది ముందు అరిచాను. వచ్చిందని ఆ రోజు ఆయన ఒక్క మాట అని ఉంటే నా నోరు మూతపడేది. అనలేదు. నేను కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడవకే, ఎవులైనా సూస్తే దీపాలు నా బుర్ర కాల్చీసినాయనుకుంతారు" అన్నారు. అంత ఏడుపులోనూ నవ్వేశాను. తరువాత నెమ్మదిగా, "ఆ ఫోన్లోది షెడ్డుకి తీసుకురా" అన్నారు.

ఆ ఆదివారం షెడ్డులో, ఆయన దగ్గర ఇంకా నేర్చుకుంటున్న పిల్లల్నీ వాళ్ల తల్లుల్నీ కూర్చోబెట్టి దాన్ని చూపించాం. చూశాక, నాతో వచ్చిన మా అమ్మే లేచింది. "ఈ మాట ముందే సెప్పాల గదా మాస్టారూ?"

"సెప్పాల్సిందమ్మా. సెప్తే పిల్లల్ని ఎవులూ పంపరని భయమేసింది. తప్పైపోనాది." నిండు షెడ్డులో ఆయన చేతులు జోడించారు.

ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. ఆయన ఆపలేదు. మిగిలిన వాళ్లతో కలిసి కొత్త పద్ధతి పెట్టారు. అభ్యాసంలో తలమీద గుద్దులు లేవు. తల తిరిగినా, చెవిలో మోగినా చెప్పి తీరాలి. చెప్పినవాళ్లకు అందరూ చప్పట్లు కొట్టాలి. డాక్టరు సరేనంటేనే మళ్లీ బరిలోకి. ఆ షెడ్డు ఇప్పటికీ నడుస్తోంది. ఆయన దగ్గర నేర్చుకున్న అమ్మాయే నేర్పుతోంది. ఆదివారాలు నేను కూడా వెళ్తాను.

మాస్టారూ పిన్నీ ఇప్పుడు సబ్బవరంలో, ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో ఉంటున్నారు. బస్సుల గోల తక్కువ, నడవడానికి చోటు ఎక్కువ అని పిన్ని ఎంచుకుంది. మతిమరుపు నెమ్మదిగా పెరుగుతోంది. ఒక్కో రోజు నా పేరు తట్టదు, అప్పుడు "ఓలమ్మా, డాక్టరు గుంట ఒచ్చింది" అంటారు. పోయిన నెల వెళ్లినప్పుడు అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాకూ ఒక గుప్పెడు ఇచ్చారు.

"ఆ దీపాలు పని సేస్తాయో లేదో తేలిందేటి?" అని అడిగారు.

"ఇంకా తేలలేదు మాస్టారూ."

"తేలినాక సెప్పు. ఈలోగా మనం బతికీద్దాం."

క్లినిక్‌లో తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు నేను తల దించుకుని ఏదో గొణిగేదాన్ని. ఇప్పుడు వాళ్ల కళ్లలోకి చూసి తెలియదనే చెబుతాను. చెప్పాక లేచి వెళ్లిపోను. ఆ ఇరవై నిమిషాలూ పక్కనే కూర్చుని, ఇవాళ ఇంట్లో ఏం కూర అని అడుగుతాను. మాస్టారి "ఈలోగా" అంటే నాకు అర్థమైంది అదే.