కొసరు వేయని పోతమ్మ

మద్దిలపాలెంలో మా వీధికి చేపలు తెచ్చే పోతమ్మ పరమ పిసినారి. వంజరం ముక్క ఒక్కటి కొసరు వేయమంటే ఇంతెత్తున లేచేది. తెల్లారకముందే హార్బరులో వేలం పాడుకుని, గంపతో బస్సెక్కి, కండక్టరుతో దెబ్బలాడుకుంటూ వచ్చే మనిషికి ఆ మాత్రం నోరుండాలిలెండి. కానీ కడుపుతో ఉన్న కోడలికి కూడా రెండోసారి అన్నం వడ్డించదని తెలిశాక నాకు ఒళ్ళు మండింది. రెండు వేల నాలుగులో మాట ఇది.

అదేమని పోతమ్మను అడిగితే, "ఎనిమిదో నెలమ్మా. కడుపులో పిల్ల పెద్దదైపోతే కానుపు కట్టమైపోద్ది" అంది. నేను కసురుకునేలోపే గంప దించి, "మా సిట్టమ్మ అలాగే పోనాది" అంది. చిట్టమ్మ ఆమె ఒక్కగానొక్క కూతురు. కానుపులో బిడ్డ బయటికి రాక తల్లీబిడ్డా ఇద్దరూ పోయారట. నా కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా ఊరుకోలేక, కోడలిని పెద్దాసుపత్రిలో చూపించమని పోరాను.

అక్కడ కోడలు సాయిదుర్గ పొట్టను టేపుతో కొలిచి, నెలలకు తగ్గట్టు లేదన్నారు. స్కాన్ తీస్తే బిడ్డ సరిగా ఎదగడం లేదని తేలింది. వెంటనే చేర్చుకున్నారు. పోతమ్మ వరండాలో కూలబడి, "నానే సంపేత్తన్నానా డాకటరమ్మా?" అని అడిగిందట.

"మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగా అందడం లేదు. అది మీ చేతుల్లో లేదు. కానీ కడుపుతో ఉన్న పిల్లకు తిండి మాత్రం తగ్గించకండి. కదలికలు తగ్గితే క్షణం ఆగకుండా చెప్పండి" అందట డాక్టరు.

పోతమ్మ గంప మూలన పడేసి, క్యారేజీ పట్టుకుని మంచం పక్కన చేరింది. "తిన్నావేటి? పిల్ల కదిలిందేటి?" అంటూ సాయిదుర్గ ప్రాణం తోడేసేది. ఒక మధ్యాహ్నం కదలికలు తగ్గాయని కోడలు అనగానే వార్డు అదిరేలా కేకలేసి నర్సును రప్పించింది. ఆ నోరు ఆ రోజు పనికొచ్చింది. పరీక్షలు చేసి, ఇక ఆగకూడదని ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు.

బాగా చిన్న పిల్ల. వెచ్చదనం కోసం గుండెకు ఆనించుకోమన్నారు. సాయిదుర్గకు ఇంకా ఓపిక రాలేదు. నేను చూడబోయేసరికి పోతమ్మే, నీచు వాసన పోయేలా ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, పమిట కింద పిల్లను పొదువుకుని కూర్చుంది. నన్ను చూడనే లేదు. మనవరాలి చెవిలో ఏదో చెబుతోంది.

"పెద్దదానివైపోమ్మా. నీకెంత కావాలంటే అంత పెద్దదానివైపో."