చేతికెంత వస్తుందన్న ప్రశ్నతో ప్రభువు నన్ను లేపిన విధం

సహోదరులారా, సహోదరీలారా, మన రాయగడ సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లు కొందరున్నారు గనుక ముందు నా పేరు చెప్పుకుంటాను, నేను సుందరరావుని, కరెంటు పని చేసేవాణ్ని, నర్సు కరుణ భర్తని. ఈ ఉదయం నా కాళ్ల మీద నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికి స్తోత్రం!

నేను దామంజోడిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాణ్ని. వారమంతా అక్కడే గది, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి రావడం, ఆదివారం మీతో కలిసి ఆరాధన, ఇలా సాగిపోతున్న నా బతుకులోకి వానాకాలంలో మలేరియా వచ్చింది, అదీ మెదడుకెక్కే రకం. నేను ఎక్కడున్నానో, ఎవరితో మాట్లాడుతున్నానో నాకే తెలియని స్థితిలో ఆసుపత్రిలో పడి ఉంటే కరుణ తన డ్యూటీ ముగించుకొని అదే ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని ప్రార్థించేది. ప్రాణం దక్కింది, జ్వరం తగ్గింది, అందరూ సంతోషించారు. కానీ సహోదరులారా, ఇంటికొచ్చాక నాకు ఏ సంగతి మీదా మనసు పోలేదు! ఆకలి లేదు, నిద్ర లేదు, పోనీ దుఃఖమా అంటే అదీ లేదు. మా అమ్మి, అదే మా కూతురు ఏంజెల్, బడి నుంచి వచ్చి ఏవేవో కబుర్లు చెప్పేది, అవి చెవిన పడేవి గానీ తర్వాత ఏమైందే అని అడగాలనిపించేది కాదు. నా నెత్తి మీద ఫ్యాను కటకటమని కొట్టుకుంటుంటే, జీవితమంతా ఫ్యాన్లు విప్పి బిగించిన నేను, దాన్ని చూస్తూ పడుకునేవాణ్ని గానీ లేచి ఒక స్క్రూ బిగించలేదు.

డాక్టరు గారు ఇది కూడా జబ్బేనని చెప్పి మందులు రాశారు, వేసుకున్నాను. పాస్టరు గారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, ఆమెన్ అన్నాను గానీ నోటితోనే అన్నాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం నాకున్న మాటలతో ఇలా ప్రార్థించాను: “ప్రభువా, నాకు ఏదీ అక్కర్లేదనిపిస్తోంది. నిన్ను ఏం అడగాలో కూడా తెలియడం లేదు. ఏదో ఒకటి కావాలనిపించేలా నువ్వే చెయ్యి.” అంతే, ఇంకో మాట రాలేదు.

అప్పుడు దేవుడు నాకు ఏ దర్శనం ఇచ్చాడని అనుకుంటున్నారు? ఒక జీతం సంగతి పంపించాడు! నవ్వకండి, చెబుతాను.

నాకు జబ్బు చేయకముందు నుంచే కరుణ విదేశాల్లో నర్సు పని కోసం ఇటలీ భాష నేర్చుకుంటోంది, పరీక్ష కూడా రాసింది. ఆ రోజుల్లోనే ఆమెకు ఉద్యోగం ఖాయమైనట్టు కబురొచ్చింది, ఆ దేశం ఉత్తరాన పియెమోంతె అనే ప్రాంతంలో, టొరినో నగరంలో, ముసలివాళ్లను చూసుకునే ఒక ఆశ్రమంలో. నెలకు రెండు వేల యూరోలు. విశాఖపట్నంలో ఈ పని కుదిర్చినాయన “మన డబ్బుల్లోకి మార్చి చూసుకోండమ్మా, ఎంతవుతుందో” అన్నాడు, పార్వతీపురంలో మా బంధువులు అప్పుడే మార్చి చూసేసుకుని స్తోత్ర కూడిక ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు. కరుణ మాత్రం నా మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇలా సూడండి, రెండు వేలని రాసేరు. నిజంగా సేతికెంత వస్తాదో, అక్కడ అద్దెకెంత పోతాదో, తిండికెంత పోతాదో ఎవుర్నడిగినా సరిగ్గా సెప్పట్లేదు. మీరోపాలి సూడరా?” అంది.

“నాకేటి తెలుస్తాది?” అన్నాను.

“తెలీకపోతే తెలుసుకోండి,” అని డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఫ్యాను వంక చూస్తూ పడుకున్నానా, పడుకున్నవాడికి నా పాత జీతం గుర్తొచ్చింది, కాంట్రాక్టరు చెప్పేదొకటి, పీఎఫ్ పోయి ఇంకోటి పోయి నా చేతికొచ్చేది ఒకటి. మరి అక్కడ కూడా కొయ్యరా? కోస్తే ఏ పేరుతో కోస్తారు? ఎంత కోస్తారు? సహోదరులారా, నేను మంచం మీద లేచి కూర్చున్నాను! ఎవరూ లేపలేదు, నాకు నేనే కూర్చున్నాను!

కరుణతో కలిసి నర్సింగు చదివిన షీల అని బొబ్బిలి అమ్మాయి, అదే ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో పని చేస్తోంది. ఆమెకు ఫోను చేశాను. నా గొంతు విని ఆ అమ్మాయి మొదట ఏడ్చింది, తర్వాత పాఠం మొదలుపెట్టింది.

“అన్నయ్యా, కాయితం మీద రాసేదాన్ని ఈళ్లు లోర్డో అంటారు. సేతికొచ్చేది నెత్తో. లోర్డో అంటే ఈళ్ల బాసలో మురికి అని కూడా అర్థమే, నెత్తో అంటే శుభ్రం!”

“అయితే జీతానికి తానం సేయించి మరీ ఇస్తారన్నమాట,” అన్నాను.

అని నవ్వాను. అది ఎంత వింతగా ఉందంటే ముందు గదిలో ఉన్న మా అమ్మి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి “నానా, నవ్వేవా?” అంది. దేవునికే మహిమ!

ఆ రోజు నుంచి నా ప్రశ్నలకు అంతు లేదు. పింఛను కోసం కొంత కోస్తారట, తర్వాత ఆదాయపు పన్ను, ఆ తర్వాత ఆ ప్రాంతానికి విడిగా ఒక పన్ను, ఊరికి విడిగా ఇంకొకటి. ఊరికి కూడానా! అన్నీ పోగా రెండు వేలలో పదిహేను, పదహారు వందల మధ్య చేతికొస్తుందని తేలింది. డిసెంబరులో ఒక జీతం అదనంగా ఇస్తారు, అంటే ఏడాదికి పదమూడు జీతాలు. మరి మనకు రాసిన రెండు వేలు ఆ పదమూడో జీతం కాకుండానా, దాన్ని కూడా నెలలకు పంచి కలిపేశారా? అది ఎవరూ చెప్పలేదు. అద్దె సంగతి అడిగితే ఇల్లు ఇచ్చేముందు కొన్ని నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారట, మెట్లు ఊడ్చినందుకు, లిఫ్టుకు అందరూ పంచుకుని కట్టాలట, చలికాలం గదులు వెచ్చగా ఉంచడానికి అయ్యే ఖర్చు వేరట. మన కోరాపుట్ చలికే మనం మంట ముందు కూర్చుంటాం కదా, అక్కడ మంచే కురుస్తుంది! బియ్యం ఏ రకం దొరుకుతాయి, కందిపప్పు ఎక్కడ కొంటారు, బస్సు పాసు ఎంత, మనిషి ఒంట్లో బాగోక సెలవు పెడితే జీతం కోస్తారా, ఇలా అడుగుతుంటే షీల “అన్నయ్యా, మాకు కూడా తెలీనియ్యి అడుగుతున్నావు” అని తోటివాళ్లను కనుక్కుని చెప్పేది. పియెమోంతె అంటే కొండల పాదం అని అర్థమట, అది విన్న రోజు నాకు ఎందుకో ధైర్యమనిపించింది. ఆ వారమే ఫ్యాను కూడా విప్పి బాగు చేశాను.

అయితే నా లెక్క చివరికి వచ్చేసరికి గుండె బరువెక్కింది. టొరినోలో ఇంటద్దె, చలికాలం ఖర్చు, తిండి పోగా కరుణ ఒక్కతే బతకగలదు, మాకు కొంచెం పంపగలదు. కానీ భర్తనీ బిడ్డనీ అక్కడికి పిలిపించుకోవాలంటే అందరికీ సరిపడే ఇల్లు చూపించాలట, తగిన ఆదాయం చూపించాలట. ఆ నగరంలో ఆ జీతంతో అది కుదరదు. అంటే సంతకం పెడితే మేము ఎన్నేళ్లు విడిగా ఉండాలో తెలియదు.

“అయితే వద్దంటారా?” అంది కరుణ, కళ్లలో నీళ్లతో.

“వద్దనట్లేదే. ఆళ్లనే ఇంకో మాట అడుగుదాం.”

విశాఖపట్నం ఆయన భయపెట్టాడు, డబ్బుల సంగతి ఎత్తితే ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేస్తారన్నాడు. ఇటలీ నుంచి ఆశ్రమం పెద్దావిడ వీడియోలో మాట్లాడే రోజు వచ్చింది. మేమిద్దరం మోకరించి “ప్రభువా, అడగడం మా వంతు, ఇవ్వడం మానడం నీ వంతు, మా నోటికి మాత్రం భయం లేకుండా చెయ్యి” అని ప్రార్థించాము. కరుణ వాళ్ల భాషలో ఒక్కొక్కటే అడిగింది, పదమూడో జీతం సంగతి, ఇంటి సంగతి, మీకు చిన్న ఊళ్లలో ఇలాంటి ఆశ్రమం ఉందా అన్న సంగతి. పెద్దావిడ కళ్లజోడు తీసేసి పక్కకి చూసింది. అయిపోయింది, పోయిందనుకున్నాను! కరుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆవిడ నవ్వి చెప్పింది, పదమూడో జీతం విడిగానే ఇస్తాము, కొండల దగ్గర ఒక చిన్న ఊళ్లో మాకు ఇంకో ఆశ్రమం ఉంది, నగరంలో ఉంటామనేవాళ్లే గానీ అక్కడికి వస్తామనేవాళ్లు దొరకడం లేదు, జీతం అదే, అద్దెలు చాలా తక్కువ, మొదట్లో ఉండటానికి ఆశ్రమంలోనే గది ఇస్తాము అని! హల్లెలూయా! అడగకపోతే ఆ ఊరు ఉందని కూడా మాకు తెలిసేది కాదు.

ఇంకొక్కటి మిగిలింది. “మీరు మంచం మీదుంటే నాను వెళ్లను. అమ్మినెవులు సూస్తారు?” అంది కరుణ. ఆమె మాట న్యాయమే. అమ్మికి జడ వేయడం నేర్చుకున్నాను, ఊళ్లోనే ఇళ్లకు వైరింగు పని పట్టుకున్నాను, డాక్టరు గారు మెల్లమెల్లగా మందులు తగ్గించారు. అప్పుడు వెళ్లింది.

మొదటి నెల నిండాక వచ్చిన జీతం చీటీ ఇద్దరం ఫోనులో కలిసి చదివాము. నేను అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే వచ్చింది! నేను పొంగిపోతుంటే షీల ఆపింది, “అన్నయ్యా, ఆ పాంతం పన్నూ, ఊరి పన్నూ ఈ ఏడువి వొచ్చే ఏడు కోస్తారు, అది కరుసు పెట్టీకండి” అని. చలికాలం ఖర్చు మాత్రం నేను వేసిన అంచనా దాటిపోయింది. కొత్తిమీర ఒక కట్ట ఎంతో చెబితే మీరు ఇక్కడే కూరగాయల సంతలో నిలబడి ఏడుస్తారు.

సహోదరులారా, అంతా అయిపోయిందని నేను చెప్పడం లేదు. కరుణ చిన్న ఇల్లు ఒకటి చూసింది, దాని కాగితాలు కావాలి, నేనూ అమ్మీ అక్కడికి వెళ్లడానికి అనుమతి ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. కానీ చచ్చిన మనసులో ఒక్క ప్రశ్న పుట్టించి నన్ను లేపిన దేవుడు ఆ తేదీ కూడా ఎరిగినవాడని నమ్ముతున్నాను. మీలో ఎవరికైనా ప్రార్థించడానికి కూడా మనసు రాకపోతే, మనసు రావడం లేదన్న ఆ మాటే ఆయనకు చెప్పండి, డాక్టరు దగ్గరకూ వెళ్లండి, సిగ్గుపడకండి. ఆయన దేనితో జవాబిస్తాడో మనం ముందుగా లెక్క కట్టలేము, నమ్మి చూడండి!

పాస్టరు గారి చేతిలో ఉన్న ఆ ఫోనులో కరుణ ఇంతసేపూ వింటోంది. అక్కడ ఇంకా తెల్లవారలేదు, మనతో ఆరాధన కోసం లేచింది. అమ్మీ, ఇలా రా, ముందుకి రా. సంఘమంతా ఒక్కసారి గట్టిగా, ఆ కొండల దాకా వినబడేటట్టు, మీ సహోదరికి వందనం చెప్పండి!