కణానికీ అన్నం కావాలన్న సుగుణ

శంషాబాద్‌లో ఉండే డాక్టర్ సుగుణ గుండె ఆగి కన్నుమూశారన్న కబురు మొన్న ఉదయం ఆరాంఘర్ దగ్గర బస్సులో ఉండగా విన్నాను. నమ్మలేదు. ముందురోజే నాతో గంటసేపు కొట్లాడిన మనిషి!

ఆమె పరిశోధన టి కణాల మీద. రక్తంలో తిరిగే ఈ కాపలా కణాలు శత్రువును ఎలా గుర్తుపడతాయో చాలామంది చెబుతారు. అవి ఏం తిని పోరాడతాయన్నది సుగుణ ప్రశ్న. ఎంత అద్భుతమైన ప్రశ్న! ఊరకే తిరిగే టి కణం ఇంధనాన్ని పొదుపుగా కాల్చుకుంటుంది. శత్రువు ఎదురైందా, గబగబా చక్కెర మింగి ఒకటి వేలవుతుంది. పోరు ముగిశాక మిగిలే జ్ఞాపక కణాలు నిదానంగా కొవ్వు కాల్చుకుంటూ ఏళ్లు బతుకుతాయి. కేన్సర్ గడ్డ చుట్టుపక్కల చక్కెరంతా లాగేసుకుంటే పక్కనున్న టి కణం చేవ చచ్చి నిలబడిపోతుంది. ఇందులో విధిరాత ఎక్కడుంది? ఉన్నది తిండి, దాన్ని కాల్చే పొయ్యి! ఇది చెప్పేటప్పుడు ఆమె కుర్చీలో కూర్చోలేకపోయేవారు.

నిరుడు మంఖాల్‌లో ఆమె పిన్ని కూతురు శాంతమ్మకు కేన్సర్ వచ్చింది. తిండి మానేస్తే గడ్డ మాడిపోతుందని ఎవరో చెప్పారు. అప్పుడే ఇంట్లో ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. శాంతమ్మ ముద్ద ముట్టలేదు. ఇంకా బరువు తగ్గితే మందు ఎక్కించలేమని దవాఖానలో చెప్పేశారు. హేతువాద సభల్లో మాట్లాడే అలవాటున్న నేను, మూఢనమ్మకాల మీద ఉపన్యాసం సిద్ధం చేసుకుని సుగుణ వెంట వెళ్లాను. ఆమె నన్ను గుమ్మం దగ్గరే ఆపారు.

"అన్నా, నువ్వు జర సప్పుడుజెయ్యక కూసో."

చెల్లెలి పక్కన కూర్చుని పప్పన్నం కలిపారు.

"గడ్డ ఆకలికి సావదే శాంతా. నువ్వు తినకుంటే నీ కండ కరిగి దానికి మేతయితది. మాడేది దానితోని కొట్లాడే కణాలే."

"తింటే నయమైతదా అక్కా?"

"ఆ మాట నేనియ్య. తినకుంటే మందు ఎక్కియ్యరు, గది మాత్రం పక్కా."

తర్వాత, ప్రార్థన చేయించడానికి వచ్చిన పాస్టరు వైపు తిరిగి, "ఉపాసం మీరుండుండ్రి అయ్యగారూ, ఆమె అన్నం ఆమె తింటది" అన్నారు. ఆయన పళ్లెం అందుకుని, మొదటి ముద్ద తానే అందించారు.

బయటికి వచ్చాక ఇది మూఢత్వంతో రాజీ అని మండిపడ్డాను.

"నీకు వాదం గెలవాలె. నాకు శాంత తినాలె. ఇగ నడువు."

శాంతమ్మకు మందు ఆగలేదు. నిన్న సుగుణ సమాధి దగ్గర తన కాళ్ల మీద తాను నిలబడింది. అన్నమే బతికించిందని నేను రాయను. నిరూపణ లేని మాట సుగుణ ఒప్పుకోరు. కానీ నిజాన్ని రవ్వంతైనా తగ్గించకుండా, ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా ఒకరి చేత ముద్ద తినిపించిన వాదం నేను ఏ వేదిక మీదా వినలేదు. మా హేతువాదులందరికంటే పెద్ద హేతువాది వెళ్లిపోయారు.