గోత్రం మారిన పిట్ట

పోయిన వైశాఖంలో, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మా గొర్రెల దొడ్డి మీది వేపకొమ్మ విరిగింది. ఈ పొద్దు మనవరాలు ఫోనులో ఒక వడ్రంగి పిట్ట బొమ్మ చూపించి, "అవ్వా, కింద పేరు చదువు" అనకపోయింటే నేనీ మాట ఎత్తేదాన్ని కాదు. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కూడబలుక్కుంటా చదివితే లియోపికస్ మహ్రాటెన్సిస్ అని వచ్చింది. నోరు తిరగని పేరే గానీ, నాకది కొత్త కాదు.

మాది నల్లమాడ పక్కన పల్లె. గాలుల కాలానికి ముందు మా కాపర్లు దొడ్డి మీదికి వాలిన కొమ్మలన్నీ కట్టెతో కొట్టి చూస్తారు. డొల్ల మోత వస్తే నరికేస్తారు. వడ్రంగి పిట్ట తొలిచిన కొమ్మనైతే కొట్టి చూసే పని కూడా లేదు, చచ్చిన కొమ్మ కాబట్టే అది తొలిచింది. మా అన్న గొడ్డలి ఎత్తిన పొద్దే, పక్షుల మీద చదువుకుంటాండే పాప ఒకామె మెడలో దుర్భిణీ వేలాడేసుకుని వచ్చి, "తాతా, ఆగు, తొర్రలో పిల్లలుండాయి" అనింది. ఆ పిట్టకు నెత్తిన పసుపు, పొట్ట మీద ఎర్ర మచ్చ, రెక్కల నిండా తెల్ల చుక్కలు. మాకైతే వడ్రంగి పిట్టలన్నీ ఒకటే, దీనికి లియోపికస్ మహ్రాటెన్సిస్ అని పేరుందని పాపే చెప్పింది. పేరులో మొదటి ముక్క దాని గోత్రం మాదిరంట. ముందు దీన్ని వేరే పిట్టలతో కలిపి ఒక గోత్రం కింద రాసినారంట, తర్వాత నెత్తురు పరీక్ష చేసి, ఇది వాటి మనిషి కాదని విడదీసినారంట. ఆ గోత్రంలో ఇప్పుడు ఇదొక్కటే. "పెండ్లి కాకుండానే గోత్రం మారిందా దీనికి?" అని వదిన నవ్వింది. పేరులో రెండో ముక్క మరాఠా దేశానిదని తెలిసి అన్న, "మా దొడ్డిలో పుట్టినదానికి మరాఠా పేరేందమ్మా? తోలకపో ఆడికే" అన్నాడు.

గొడ్డలి మాత్రం దించినాడు. పాలు తాగే పిల్ల ఉన్న గొర్రెను మావాళ్ళు కసాయికి అమ్మరు. ఆ కట్టుబాటును పిట్టకూ పెట్టినాడాయన. "పిల్లలు ఎగిరిపోనీ, అప్పుడు నరుకుతా" అని కొమ్మ కింద ఒక కొయ్య ఆనించినాడు. పాప మైకు పెట్టి పిట్ట అరుపు పట్టుకునేది. అరుపులు పోల్చి చూస్తే దగ్గరి చుట్టాలెవరో తేలుతుందంట. నేను మటుకు ఆ టక్ టక్ వినలేకపోతి. పుచ్చిన కొమ్మ పొట్టు రోజూ గొర్రెల వీపుల మీద పిండి మాదిరి రాలతాండె. గాలి లేదు, ఆకు కదిలేది లేదు. వదిన తన మంచాన్ని దొడ్డి కాడి నుంచి తీసి ఇంటి ముందర వేసుకునింది. "అన్నా, నీకు భయం లేదా?" అంటే, "నన్ను చూసి అదే భయపడాల" అని మీసం దువ్వినాడు.

ఆ శుక్రవారం పొద్దున్నే పిల్లలు ఎగిరిపోయినాయి. పాప చప్పట్లు కొట్టింది. అన్న గొడ్డలి నూరి గోడకు ఆనించి, "గొర్రెలను మేపుకొచ్చి కొమ్మ నరుకుతా, ఒక పూటలో ఏం మునిగిపోతాది" అన్నాడు. దుమ్ము లేచి ఆకాశం ఎర్రబడతాందని పెందలాడే మందను తోలుకొచ్చి దొడ్డిలో వేసినాడు. గాలి కొట్టేసరికి గొర్రెలన్నీ ఆ కొమ్మ కింద మూలకు కుప్పబడినాయి. వాటిని తరమడానికి లోపలికి పోయినాడు. ముందు కొయ్య పడింది, దాని వెనకే కొమ్మ.

ఒక పూటే గదా అనే మాట మా ఇంట్లో ఇప్పుడెవరూ అనరు. ఆ సాయంత్రం ఆడ ఉన్నోళ్ళం: గడప కాడ వదిన, దుమ్ములో కండ్లు మూసుకున్న ఆ పాప, గొడ్డలి పట్టుకుని పరుగెత్తిన నేను, కొమ్మ కింద మళ్ళా లేవని మా అన్న.