ఎంపిక కాని పిల్లల ఇంటికి వెళ్ళిన కోచ్

మా కోచ్ గారు పోయారు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, బహ్రెయిన్‌లో జుఫైర్ పేటలోని తమ ఫ్లాట్‌లో భోజనం చేసి, కుర్చీలో కునుకు తీస్తూ ఇక లేవలేదు. కబురు ముందు అందింది నాకు కాదు, మా అమ్మకి. ఆయన భార్య అమ్మకే ఫోన్ చేసింది. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమయ్యే ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఫోన్లోనే కలిసి ఏడ్చారట. తర్వాత అమ్మ నాకు చేసింది.

"సారు నిద్దట్లోనే ఎళ్ళిపోయారే. బాధేం పడలేదంట. భోంచేసే పోయారు," అంది. అమ్మకి ఆ చివరి మాట ముఖ్యం.

ఆయనది ఆస్ట్రేలియా. ఇక్కడ బహ్రెయిన్‌లో ఒక క్లబ్బులో, సెలవు రోజైన శుక్రవారాలు పిల్లలకి రగ్బీ నేర్పేవారు. అంతకుముందు తమ దేశంలో ఒక ప్రొఫెషనల్ రగ్బీ క్లబ్బుకి పిల్లలను ఏరి తెచ్చే ఉద్యోగం చేశారు. ఊరూరా తిరిగి, బడి మైదానాల అంచున నిలబడి, పదిహేను పదహారేళ్ళ పిల్లల ఆట చూసి, వీళ్ళలో ఎవరు రేపు పెద్ద జట్టుకి పనికొస్తారో చెప్పాలి. అలా ఏరిన పిల్లలను క్లబ్బు తన అకాడమీలో పెట్టుకుని చదువూ తిండీ ఆటా చూసుకుంటుంది. వాళ్ళలోనూ చివరికి జీతమిచ్చే జట్టులో చోటు దొరికేది కొందరికే. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. భార్యకి ఇక్కడి బడిలో ఉద్యోగం రాగానే ఆమె వెంట వచ్చేశారు. "ఇన్నాళ్ళూ నా ఉద్యోగం కోసం ఆమె ఊళ్ళు మారింది. ఇప్పుడు నా వంతు," అనేవారు.

మాది కోనసీమ, రాజోలు పక్కన. నాన్న జుఫైర్‌లో ఒక హోటల్లో ఏసీ మెకానిక్కు. అమ్మ సెలవు రోజుల్లో ఆ క్లబ్బు వంటగదిలో పనిచేసేది. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక వెంట తీసుకెళ్ళేది. నేను ఏడో తరగతిలో ఉండగా, ఒకరోజు సమోసాల పళ్లెంతో వంటగదిలోంచి వస్తూ తడి గచ్చు మీద జారి వెల్లకిలా పడ్డాను. పళ్లెం మాత్రం పైకెత్తే ఉంచాను. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న తెల్లజుట్టాయన నన్ను లేవదీయడానికి రాలేదు. నేను లేచి నిలబడేదాకా చూసి, అప్పుడు అడిగారు.

"పడగానే ఎటు చూశావు?"

"పళ్లెం వైపు."

"చాలామంది చుట్టూ చూస్తారు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. వచ్చే శుక్రవారం బూట్లు వేసుకుని రా."

అమ్మ చేతిలో అట్లకాడతోనే బయటికొచ్చింది. "ఏవండీ సారూ, ఆడపిల్లండీ. ఆ ఆటలో పళ్ళూడిపోతే రేపు నేనేం చెయ్యాలండీ?" అని తెలుగులోనే అడిగేసింది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆయన జేబులోంచి పళ్ళకి తొడుక్కునే రబ్బరు కవచం తీసి, తన నోట్లో పెట్టుకుని, చాలా గంభీరంగా ఏదో ఉపన్యాసం మొదలుపెట్టారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్ళిపోయింది. దాన్ని ఆయన ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

మొదటి కొన్ని వారాలు నాకు బంతి ఇవ్వలేదు. పడటం నేర్పారు. గడ్డం ఎక్కడ దాచుకోవాలి, భుజం ఎలా దొర్లించాలి, పడ్డాక ఊపిరి ఎప్పుడు వదలాలి. "ఎలాగూ పడతావు. పడటం వచ్చినవాళ్ళకి పరుగెత్తడానికి భయముండదు," అనేవారు. ఆ తర్వాతే కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని చేతికిచ్చారు. రగ్బీలో మనిషి ముందుకి పరుగెత్తాలి, బంతిని చేత్తో విసరాలంటే మాత్రం వెనక్కే విసరాలి. మైదానం అంచున గీత దగ్గర నిలబడి కాసేపు చూసి అమ్మ, "ఇదేం ఆటే, అచ్చం సంసారంలాగుంది," అంది. ఈ మాట ఆయనకి చెబితే ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత కొత్త పిల్లలందరికీ ఆట గురించి చెప్పేటప్పుడు "వంటగదిలో ఉన్న మేడమ్ ఏమన్నారంటే" అని మొదలుపెట్టేవారు.

అమ్మ దగ్గర ఆయన నేర్చుకున్న తెలుగు మాట ఒక్కటే: "ఆయ్". మా గోదావరి జిల్లాల్లో ఔననడానికీ, సరేననడానికీ, వింటున్నానని చెప్పడానికీ అదే కదా. ఆయన నోట అది మావాళ్ళ నోట పలికినట్టే పలికేది. సూడాన్ పిల్లాడు నీళ్ళు కావాలన్నా "ఆయ్", ఫిలిప్పీన్స్ పిల్ల మోకాలు గీసుకుపోయిందన్నా "ఆయ్".

మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఆయన కేకలు వేయగా నేను చూడలేదు. పిల్లల మీద అరిచే తల్లిదండ్రుల దగ్గరికి మెల్లగా వెళ్ళి, కోసిన నారింజ తొనల డబ్బా చేతికిచ్చి కాస్త పట్టుకోమనేవారు. "చేతులు ఖాళీగా ఉంటే నోటికి పని ఎక్కువవుతుంది," అని మాతో రహస్యంగా అనేవారు. మా నాన్న కూడా ఆ డబ్బా చాలాసార్లు పట్టుకున్నాడు.

నాకు పదిహేడేళ్ళప్పుడు ఆయనతో ఒకప్పుడు పనిచేసిన ఒకావిడ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అప్పటికి ఆవిడ అక్కడి క్లబ్బులో ఆడపిల్లల అకాడమీకి పెద్ద. గల్ఫ్ దేశాల అమ్మాయిల జట్లు మా క్లబ్బులో రెండు రోజులు ఆడుతుంటే చూడటానికి వచ్చింది. నచ్చినవాళ్ళని అక్కడి బడిలో చేర్చి అకాడమీలో పెట్టుకుంటామంది. ఆ రెండు రోజులూ నేను ప్రాణం పెట్టి ఆడాను. నా అంత బాగా ఎవరూ ఆడలేదనే అనుకున్నాను. నాన్న అప్పుడే హోటల్లో అందరికీ చెప్పేశాడు.

తర్వాతి వారం ఒక సాయంత్రం కోచ్ గారు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. అమ్మ సంబరంగా పెసరట్లు వేసింది. ఆయన చేత్తోనే తిన్నారు, అల్లప్పచ్చడి రెండోసారి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పారు.

"వాళ్ళు నిన్ను తీసుకోలేదు."

ఆయన ఆగలేదు. "నీ చేతులు బాగున్నాయి. ఆట ఎటు తిరుగుతుందో నీకు ముందే తెలుస్తుంది. కానీ మొదటి పది గజాల్లో వేగం లేదు. సాధన చేస్తే కొంత పెరుగుతుంది. వాళ్ళకి కావలసినంత పెరగదు. ఇది నీ తప్పు కాదు, నీ ఎత్తులాగే అదీ నీకు వచ్చింది."

నేను తర్జుమా చేయకపోయినా అమ్మకి అర్థమైంది. "మీరొక్క మాట చెప్పుంటే తీసుకునేవోరు కదండీ సారూ?" అంది. ఆ మాట నేనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

"నన్ను అడిగారు. చెబితే తీసుకునేవారే," అన్నారాయన. "రెండేళ్ళ తర్వాత పంపించేసేవారు. అప్పటికి ఆమె చదువు ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. అలాంటి పిల్లలను నేను చూశాను. వాళ్ళలో కొందరిని ఏరింది నేనే."

నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఆయన వెళ్ళేటప్పుడు బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, "చిన్నపిల్లలకి పడటం నేర్పేవాళ్ళు కావాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవడంలేదు. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా," అన్నారు.

నేను కొంతకాలం మైదానానికి వెళ్ళలేదు. అమ్మ ఇంకా గట్టిది. క్లబ్బు వంటగదిలో అందరికీ నవ్వుతూ వడ్డించేది, ఆయన పళ్లెం మాత్రం మాటా పలుకూ లేకుండా బల్ల మీద పెట్టేసేది. ప్రతి వేసవిలో వాళ్ళింటికి పంపే మాగాయ సీసా ఆ ఏడాది పంపలేదు. చివరికి ఆయన భార్యే వంటగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ సంగతి అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది.

అక్కడ ఆస్ట్రేలియాలోనూ ఆయన అంతేనట. ఎంపికైన పిల్లలకి ఫోన్ చేసి చెప్పేవారు. ఎంపిక కాని పిల్లల ఇంటికి మాత్రం స్వయంగా వెళ్ళేవారు, ఎంత దూరమైనా. వాళ్ళింట్లో ఏది పెడితే అది తిని, అప్పుడు చెప్పేవారు. కొన్ని ఇళ్ళల్లో తండ్రులు తలుపు మొహానే వేశారట. ఆ తలుపు ముందు కూడా కాసేపు నిలబడి వచ్చేవారట. "మీ ఇంటికి వచ్చేముందు ఆయనకి తిండి సహించలేదు," అని ఆమె అంది.

"తిండి సహించనాయన మా ఇంట్లో అన్ని పెసరట్లు ఎలా తిన్నారమ్మా?" అని అమ్మ అడిగింది.

"అవి చాలా బాగున్నాయిగా!" అందామె. ఇద్దరూ నవ్వుకున్నారు. మాగాయ సీసా ఆ వారమే వెళ్ళింది.

నేనూ మైదానానికి వెళ్ళాను. చిన్నపిల్లలను చాపల మీద దొర్లిస్తూ, వాళ్ళు లేవగానే ఎటు చూస్తున్నారో గమనిస్తూ ఉండగా, ఆ పని నాకు ఆడటం కన్నా బాగుందని కొన్నాళ్ళకి తెలిసింది. ఇంటర్ అయ్యాక విశాఖ వెళ్ళి వ్యాయామ విద్య చదివి, తిరిగి ఇక్కడికే వచ్చి ఒక బడిలో ఆటల టీచరునయ్యాను. శుక్రవారాలు మాత్రం క్లబ్బులోనే, ఆయన పక్కన. అలా పక్కన నిలబడి నేర్చుకున్నదే నాకు అసలు చదువు. "బంతి చేతిలో ఉంటే అందరూ చురుగ్గానే ఉంటారు. లేనప్పుడు ఏం చేస్తున్నారో చూడు," అనేవారు. ఇంకోమాట కూడా అనేవారు: "మొదటిరోజు అందరికన్నా బాగా ఆడినవాళ్ళని రాసుకోకు. వారం తర్వాత మారి వచ్చినవాళ్ళని రాసుకో."

మూడేళ్ళ కిందట బడుల పోటీల్లో మామీర్ అనే ఊరి నుంచి వచ్చిన ఒక బహ్రెయినీ అమ్మాయిని చూశాను. ఆడుతున్నది హ్యాండ్‌బాల్. బంతి ఆమె దగ్గరికి రానేలేదు. అయినా తన జట్టువాళ్ళని పేరుపేరునా పిలుస్తూ, ఖాళీగా ఉన్న చోటికి ముందే పరుగెడుతూ ఉంది. నేను అక్కడినుంచే కోచ్ గారికి ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఒకటే అడిగారు.

"మొదటి పది గజాలు?"

"మెరుపు," అన్నాను.

"ఆయ్!" అన్నారు.

ఆ అమ్మాయి తండ్రి సిత్రా అనే చోట ఫ్యాక్టరీల్లో పనిచేస్తాడు. మా మాటలన్నీ ఓపిగ్గా విని, కూతురి వైపు తిరిగి, "నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. ఆమె తలూపగానే "యల్లా, ఇంకేం, కానివ్వండి" అన్నాడు. రెండేళ్ళు నేర్పాం. ఆస్ట్రేలియా ఆవిడ మళ్ళీ వచ్చి చూసి, ఈసారి మామీర్ అమ్మాయిని తీసుకుంది. ఇప్పుడా పిల్ల ఆ క్లబ్బు యువ జట్టులో ఆడుతోంది. ఆమె మొదటి మ్యాచ్‌ని క్లబ్బు వంటగదిలో అమ్మ ఫోన్‌లో చూశాం, కోచ్ గారు, ఆయన భార్య, అమ్మ, నేను, నలుగురం తలలు ఆనించి. ఆమె ఎదుటి జట్టు అమ్మాయిని నడుం పట్టి పడగొట్టగానే అమ్మ, "అమ్మో, పళ్ళు జాగర్తే తల్లీ!" అని అరిచింది. కోచ్ గారు ఫోన్ వైపు కాకుండా నా వైపు చూస్తున్నారు. "ఈమెను చూసింది నువ్వు," అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్న మాటల్లో నేను దాచుకున్నది అదే.

ఆ ఎంపికలోనే ఇంకో అమ్మాయికి చోటు దొరకలేదు. పడమటి తీరాన కర్జకాన్ అనే ఊళ్ళో వాళ్ళిల్లు. వెళ్ళి చెప్పవలసింది నేను. "ఎలా చెప్పాలి కోచ్?" అని అడిగితే, "ముందు తిను. వాళ్ళు పెట్టింది తిన్న నోటితో అబద్ధం చెప్పలేవు," అన్నారు. నాతో వచ్చారు గానీ ఒక్కమాట మాట్లాడలేదు. వాళ్ళమ్మ పెట్టిన అన్నం, చేప తిని, ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వచ్చే శుక్రవారం ప్రాక్టీసు ఎన్నింటికని అడిగింది. ఇప్పటికీ వస్తోంది, అందరికన్నా ముందే.

ఆయన చనిపోయిన వారంలోనే అందరం క్లబ్బులో కలిశాం. ఆయన భార్య అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆస్ట్రేలియా నుంచి ఆమెకి ఫోన్లు ఆగడం లేదట. పెద్ద జట్లకి ఆడినవాళ్ళు చేస్తున్నారు, సరే. వాళ్ళకన్నా ఎక్కువగా, ఆమె ఎన్నడూ పేర్లు కూడా విని ఉండని మనుషులు చేస్తున్నారు. ఒకాయన గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు, ఒకాయన బస్సు నడుపుతాడు, ఒకాయన బడి హెడ్మాస్టరు. ఒక్కొక్కరూ ఇంచుమించు అదే మాట చెబుతున్నారట: "నన్ను తీసుకోలేదని చెప్పడానికి మా ఇంటికి వచ్చి, మా అమ్మ వంట తిని వెళ్ళారు."

ఆయనను తలుచుకుంటే నాకు మైదానం గుర్తుకు రాదు. పోయిన చలికాలం, కర్జకాన్ ఇంటినుంచి బయటికొచ్చాక, కాసేపు సముద్రం చూద్దామన్నారు. ఆ పడమటి తీరంలో నీళ్ళు లోతుండవు. బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలోకి నడవడం మొదలుపెట్టారు. నేను ఒడ్డున నిలబడ్డాను. చాలా దూరం వెళ్ళిపోయారు. అంత దూరంలోనూ నీళ్ళు ఆయన పిక్కల దాకానే ఉన్నాయి. ఎండ వాలి నీళ్ళన్నీ మెరుస్తున్నాయి. "కోచ్, ఇక రండి, టీ తాగుదాం!" అని కేకేశాను. వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తి ఊపి, ఇంకొంచెం ముందుకి నడిచారు.