టెన్నిసు కోర్టులో తామరపూలు

"ఏమే, ఆ గీత వంకర పోయింది."

"అంత కష్టంగా ఉంటే మీరే వచ్చి గీసుకోండి."

మా ఇంజనీరు గారూ నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను, ఆయన అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు. ముగ్గు పూర్తిచేసి తిరిగి చూసేసరికి ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది. (గీత నిజంగా వంకరేమీ కాదు. అది కూడా రాయవే బుజ్జీ.) నాకు సంతకం దాటి చదువు లేదు కనుక నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మేం జగ్గయ్యపేటలో కాపురం పెట్టిన కొత్తలో, డెబ్బైల చివర, బంతాట అంటే పిల్లకాయలు ఆడేదే. పెళ్లయిన మగవాడు, అందులోనూ కాలవల ఇంజనీరు, తెల్ల నిక్కరు తొడిగి బంతి వెంట పరిగెత్తుతుంటే వీధి ఆడవాళ్లంతా నన్ను జాలిగా చూసేవాళ్లు. ఆయనకి అదేం పట్టదు. నూనె మిల్లు వెనక ఖాళీ జాగా అడిగి, మిల్లు గుమాస్తాకి పంచె ఎగ్గట్టించి బ్యాటు చేతికిచ్చారు. మిల్లు యజమాని షావుకారు గారు మాత్రం తేల్చి చెప్పేశారు: "మిరపకాయలు ఆరబోసుకునే జాగా అండి ఇది. నందిగామ వాళ్లతో పందెం అంటున్నారుగా? ఆ రోజు ఊరు కదిలొస్తే ఆట మీది. రాకపోతే జాగా నా మిరపకాయలది."

ఇక ఆయనకి తిండి సయించలేదు. కాలవ గట్టుకైనా అంత మట్టం చూసి ఉండరు. నేల చదును చేయించి, కళ్లం అలికినట్టు పేడతో అలికించారు. తీరా పందెం రోజు పొద్దున సున్నంతో గీతలు గీయబోతే పాము పాకినట్టు వచ్చాయి. "ఏమే, నీ చెయ్యి కావాలే" అంటూ ఇంటికొచ్చారు. ముగ్గుబుట్ట పట్టుకెళ్లి, తాడు లాగి పట్టి, ఆయన చూపించినట్టే గీశాను. ఆయన స్నానానికి వెళ్లారు. చూస్తే అంత జాగా బోసిగా ఉంది. నాలుగు గీతలతో ఆగితే దాన్ని ముగ్గంటారా? నాలుగు మూలలా గీతకి బయటగా తామరపూలు వేసి, పసుపూ కుంకుమా చల్లాను.

"ఇదేమిటే!"

"తామరపూలండి."

"చెరిపెయ్యి."

"శుభమా అని వేసిన ముగ్గు చెరుపుతారా ఎవరైనా?"

ఈలోగా నందిగామ జీపు వచ్చేసింది. ఇంజనీరు గారి భార్య పెళ్లిపందిరంత ముగ్గేసిందని తెలిసి ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనక మగవాళ్లు వచ్చారు. నందిగామ డాక్టరు గారు తెల్ల ప్యాంటుతో అడుగు పెట్టారో లేదో, "ముగ్గులోకి బూట్లతోనా! విడవవయ్యా!" అని గోల. పాపం విడిచారు. మా గుమాస్తా పువ్వు తొక్కకూడదని గెంతి రెండుసార్లు బంతే వదిలేశాడు. చివరికి, "ఇది పోతే ఓడినట్టేనమ్మా" అని వాడు నాకు కేకేసి చెప్పిన బంతిని మా ఆయన బలంగా కొట్టారు. అది పోయి అవతలి మూల తామర రేకు మీద పడింది.

"పువ్వు మీద పడింది! పువ్వు ముగ్గులోదే! గెలిచాం!" అని ఆడవాళ్లు. మా ఆయన నెట్టు దాకా వెళ్లి, "గీత దాటిందండి, మీరే గెలిచారు" అనేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. షావుకారు గారేమో జనాన్ని కలయజూసి, "మిరపకాయలు డాబా మీద పోసుకుంటాలెండి. మళ్లీ పందేనికి నెట్టు దగ్గర కూడా ఓ పువ్వు వేయించండి" అన్నారు. (మా ఆయన వేయనివ్వలేదు.)

అన్నం దగ్గర అడిగేశాను: "నా పువ్వు మీద పడిందని ఒప్పుకుంటే ఏం పోయింది?"

"పువ్వూ నీదే, గీతా నీదే. అంత తిన్నగా గీశాక అబద్ధం ఎట్లా ఆడమంటావే?"

జన్మలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఎనభైల్లో ముక్త్యాల నుంచి కూడా ఆడటానికి వచ్చేవాళ్లు. ప్రతి పందేనికీ గీతలు నావే, వంకరని పేరు పెట్టడం ఆయనదే. ఇప్పుడు పేరు పెట్టేవాళ్లు లేరు, అన్నీ తిన్నగానే వస్తున్నాయి. ఏం బాగుంది చెప్పు? ముగ్గేశాక ఓసారి అరుగు వైపు చూసి లోపలికొస్తాను.

సరే బుజ్జీ, రాసింది మొదటి నుంచి చదువు. ఎక్కడన్నా వంకర పోయిందేమో విందాం.